పితుకుటా, పిండుటా? పాడి క్రియల వ్యుత్పత్తి చర్చపై కొన్ని అభ్యంతరాలు

పాలమూరు అంటే పాల ఊరు. దుహిత అంటే పాలు పితికేది. పాలను పితకాలే గాని పిండరాదు. తెలుగు భాషాసాహిత్యాల అధ్యయనంలో ఈ మూడు మాటలు ఎంత తరచుగా వినిపిస్తాయో, వాటికి ఆధారమేమని అడగడం అంత అరుదు. మొదటిది జిల్లా సాహిత్యచరిత్రల తొలి పుటల్లో స్థిరపడింది. రెండవది వ్యుత్పత్తి పాఠానికి అలంకారమైంది. మూడవది నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థి వ్యాసంలో ఎర్రసిరాతో పడే దిద్దుబాటు. పైకి వీటికి పొత్తు లేదనిపించినా, మూడింటి వెనుకా ఉన్నది ఒకే అలవాటు: పదాన్ని దాని పనినుంచి విడదీసి, శబ్దసామ్యం చూసి, వినసొంపైన కథను దానికి తగిలించడం. ఆ అలవాటు వల్ల నష్టం జరుగుతూనే ఉంది. పాడి పనికి సంబంధించిన తెలుగు క్రియలను సేకరించవలసిన కాలం చేజారిపోతుంటే, అందిన పదాలనుకూడా శిష్టం, మాండలికం అంటూ పంక్తులు వేసి కూర్చోబెడుతున్నాం.

ఈ చర్చకు లాటిన్ క్రియ ఒకటి బాగా ఉపకరిస్తుంది. తెలుగు పదానికి లాటిన్ సాక్ష్యమేమిటని ఆక్షేపించేవారు ఉండవచ్చు. తెలుగు క్రియకు లాటిన్‌తో చుట్టరికం కలపడం ఇక్కడ ఉద్దేశం కాదు. అటువంటి చుట్టరికాలు మన పత్రికల్లో ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. పాలుతీసే పనికి ఒక భాషాకుటుంబంలో పేరు ఎలా ఏర్పడిందో నిదానంగా చూస్తే, మరో కుటుంబంలో ఏ ప్రశ్నలు వేయాలో తెలుస్తుంది. అంతే.

లాటిన్‌లో పాలు పితుకుటకు 'ముల్గేరే' అనే క్రియ ఉంది. గ్రీకులో 'అమెల్గో', లిథువేనియన్‌లో 'మెల్జ్‌తి', ఇంగ్లీషులో 'మిల్క్' దీని తోబుట్టువులే. నూనె, నీళ్లు కలిసి తెల్లబడిన ద్రవాన్ని ఇవాళ ఎమల్షన్ అంటున్నామంటే ఆ మాటలో ఉన్నదీ ఈ లాటిన్ క్రియే. ఐరోపా భాషల్లో ఇంత విస్తృతంగా పాడి అర్థంలో నిలిచిన ఈ ధాతువుకు సంస్కృతంలో ప్రతిరూపంగా పాత తరం తులనాత్మక వ్యాకర్తలు చూపినది 'మృజ్' ధాతువును. దాని అర్థం పితుకుట కాదు, తుడుచుట. మార్జనం, సమ్మార్జనం, ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే జంతువు గనుక మార్జాలం, అన్నీ ఆ ధాతువునుంచి వచ్చినవే. ఈ రెండూ ఒక ధాతువు కావనీ, తుడుచుటకు వేరే మూలం ఉందనీ తరువాతి పండితులు కొందరు వాదించారు. ఆ తగవు తేలినా తేలకపోయినా ఒక విషయం మాత్రం స్పష్టం. ధాతువు ఒకటే అన్నవారు రెండు అర్థాలనూ కలిపింది చేతి కదలిక ఆధారంగానే. చన్నును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి పైనుంచి కిందికి జార్చే చెయ్యి నిజానికి చేసే పని నిమురుటే, తుడుచుటే. అర్థం పాలలో లేదు, చేతిలో ఉంది.

లాటిన్‌లోనే మరో చిక్కు ఉంది. నిమురుట, లాలించుట అనే అర్థంలో 'ముల్కేరే' అనే వేరొక క్రియ ఉంది. భూతకాలంలో రెండింటికీ రూపం ఒకటే: 'ముల్సి'. పితికెను, నిమిరెను అనే రెండు అర్థాలకూ ఒకే రూపం. ఇంత దగ్గరగా ఉన్న వీటిని కూడా లాటిన్ నిఘంటుకారులు ఒకటిగా కలపలేదు. శబ్దం కలిసింది, అర్థం కలిసేలా ఉంది, అయినా వేరుచేసి చూపారు. మన దగ్గర ఇంతకంటే ఎంతో బలహీనమైన పోలిక కనిపించినా వ్యుత్పత్తి సిద్ధమైపోతుంది.

చట్టాన్ని ప్రకటించుట అనే అర్థంలోని 'ప్రోముల్గారే' కథ ఇంకా బోధకరం. పొదుగునుంచి పాలను బయటికి తెచ్చినట్లు శాసనాన్ని వెలుగులోకి తేవడం అని ఒక వివరణ. జనసామాన్యం అనే అర్థమిచ్చే 'వుల్గుస్' శబ్దం మారి ఇలా అయిందని మరో వివరణ. మొదటిది ఎంత అందంగా ఉన్నా, అందమే సాక్ష్యం కాదు గనుక నిఘంటువులు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాయి. పాలమూరు విషయంలో ఆ మాత్రం నిగ్రహం చూపినవారు తక్కువ.

ఇక దుహిత. కూతురంటే ఆవులు పితికేదని, కాబట్టి ఆర్యుల కుటుంబంలో ఆడపిల్ల పని అదేనని 19వ శతాబ్దంలో మాక్స్‌ముల్లర్ వంటివారి రచనల ద్వారా బాగా ప్రచారమైన బొమ్మ ఇది. గోపకుటీరం, తెల్లవారుజాము, పొదుగు దగ్గర కూర్చున్న కన్య. మన తరగతి గదుల్లోకి అదే బొమ్మ వచ్చింది. యాస్కుడే అన్నాడు కదా అంటారు. యాస్కుడు నిరుక్తంలో దుహితృ శబ్దానికి ఇచ్చిన వ్యుత్పత్తులు మూడు. హితం చేకూర్చడం కష్టమైనది, దూరాన ఉంటే హితమైనది, లేదా దుహ్ ధాతువునుంచి వచ్చినది. మూడింటిలో చివరిది మాత్రమే ఏరుకుని మిగిలిన రెంటినీ దాచడం నిరుక్తాన్ని గౌరవించడం కాదు. యాస్కుడు వికల్పంగా చెప్పినదాన్ని సిద్ధాంతంగా చెప్పడం ఆయన పద్ధతికే విరుద్ధం.

తులనాత్మకంగా చూసినా ఆ వాదానికి బలం లేదు. దుహ్ ధాతువుకు పాడి అర్థం భారత-ఇరానీయ శాఖలోనే కనిపిస్తుంది. దానితో పోల్చే జర్మన్ 'టౌగెన్' క్రియకు పనికివచ్చుట, యోగ్యమగుట అని అర్థం; పొదుగు ప్రసక్తి లేదు. కూతురు అనే మాట మాత్రం గ్రీకు, జర్మానిక్, స్లావిక్, బాల్టిక్ శాఖలన్నిటా ఉంది. పాడి అర్థం ఒక్క శాఖలోనే పుట్టిందంటే, అంతకు చాలా ముందే అన్ని శాఖలకూ ఉమ్మడిగా ఉన్న బంధువాచకం ఆ అర్థంనుంచి ఎలా పుట్టగలదు? మనుమడినుంచి తాత పుట్టినట్లుంది ఈ వాదం.

దుహ్ అసలు చేతి పని కానే కాదు. ధాతుపాఠం దానికి ఇచ్చిన అర్థం ప్రపూరణం, నిండించుట. పాణినీయులు దాన్ని ద్వికర్మక ధాతువుల్లో మొదట లెక్కిస్తారు: ఆవూ కర్మే, పాలూ కర్మే. అంతకంటే విలువైన సూత్రం మూడవ అధ్యాయంలో ఉంది (3.1.89). కర్తృత్వం కర్మకు సంక్రమించే ప్రయోగాల్లో దుహ్, స్ను, నమ్ ధాతువులకు ప్రత్యేక విధి అది. తానుగా పాలిచ్చే ఆవును కర్తగా చేసి చెప్పేటప్పుడు దుహ్ ఎలా నడుస్తుందో, పాలు దిగినప్పుడు స్ను ఎలా నడుస్తుందో పాణిని పట్టించుకున్నాడు. అంటే వ్యాకర్త పొదుగు దగ్గర జరిగే రెండు పనులను వేరుగా గుర్తించాడు: మనిషి చేసే దోహనం ఒకటి, పశువు చేసే ప్రస్నవం మరొకటి. పోతన భాగవతం నాలుగవ స్కంధంలో పృథుచక్రవర్తి భూమిని గోవుగా చేసి పితికిన ఘట్టంలోనూ ప్రాధాన్యం చేతి ఒడుపుది కాదు. ఎవరికి వారు తమ దూడను, తమ పాత్రను తెచ్చుకుని తమకు కావలసిన క్షీరం పొందడమే అక్కడి విషయం. దోహనమంటే ఫలితం.

ఈ భేదం గుర్తుంచుకుని తెలుగుకు రావాలి. తమిళంలో పాలు పితుకుటకు 'కఱ', కన్నడంలో 'కఱె' ఉన్నాయి. కన్నడంలో ఇప్పుడు 'కరె' అంటారు. తెలుగులో ఈ పనికి నేటి వాడుకలో ఉన్నవి పితుకు, పిండు, తీయు. కోస్తా ప్రాంతపు వ్రాతభాషలో పితుకు ప్రధానం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సామాన్యంగా వినబడేది పిండు. బర్రెను పిండిండు, పాలు పిండుడు అయింది, పొద్దుగాల రెండు సేర్లు పిండింది. ఈ వాడుకను మోటు అనడానికి చెప్పే కారణం ఒకటే. పిండుటంటే బట్టలు పిండుట, నిమ్మకాయ పిండుట. నోరులేని జీవం విషయంలో ఆ మాట కటువు. పితుకు మాత్రం పాలకే పుట్టిన సుకుమారమైన మాట అట.

ఆ సుకుమారమైన మాట చరిత్ర చూద్దాం. తమిళంలో 'పితుక్కు' అంటే నొక్కి బయటికి తీయుట. కన్నడంలో ఆది పకారం హకారమైంది గనుక రూపం 'హితుకు'. అర్థం నొక్కుట, నలుపుట. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో చలికాలం రాగానే అనపగింజలను నానబెట్టి తొక్కలోంచి వేళ్లతో నొక్కి తీసి చేసే వంటకు 'హితికిద బేళె' అని పేరు. చిత్తూరు జిల్లాలో అదే వంటను తెలుగులో పితికిన పప్పు అంటారు. పాలకే పుట్టిందంటున్న మాట ఇక్కడ అనపగింజ మీద పనిచేస్తున్నది! మరి పుండులోని చీమునూ పితుకుతాం, మొటిమనూ పితుకుతాం. కాబట్టి పితుకు మూలార్థం రెండు వేళ్ల నడుమ నొక్కి లోపలిదాన్ని వెలికి తీయుట. పాడి అర్థం దాని విశేషవ్యాప్తి. ఆ విశేషవ్యాప్తి తెలుగులో బలపడింది. పిండు విషయంలో జరిగినదీ సరిగ్గా ఇదే. కన్నడ 'హిండు'కు పిండుట, మెలిపెట్టి నీరు తీయుట అని అర్థం. ఉత్తర కర్ణాటక వాడుకలో 'హాలు హిండు' అంటే పాలు పిండుటే. మక్తల్, నారాయణపేట ప్రాంతాలు ఆ కన్నడ సీమకు ఆనుకుని ఉన్నవి. పాలమూరు 'పిండుడు' ఒంటరి అపభ్రంశం కాదు. కృష్ణకు ఎగువన రెండు భాషల పాడి ఇళ్లలో కలిసి బతికిన పలుకుబడి అది.

రెండూ నొక్కే చేతినుంచి పుట్టిన క్రియలే అయినప్పుడు ఒకదానికి పట్టుపీట, మరొకదానికి గడపబయట చోటు ఎందుకు? భాషాశాస్త్రంలో దీనికి సమాధానం దొరకదు. ఏ ప్రాంతం వాడుక ముందుగా అచ్చెక్కిందో, ఏ ప్రాంతం నిఘంటువులకు ఉదాహరణలు ఇచ్చిందో ఆ చరిత్రలో దొరుకుతుంది. శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. దానికి ప్రమాణం కావ్యప్రయోగం. కావ్యంలో గోపాలకులు ఉంటారు గాని గొల్లవాడి మాట ఉండదు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాస్తూ మన నిఘంటువులమీద పలుచోట్ల విసుక్కున్నది ఇందుకే. ఆట పేరు కనిపిస్తే ఆటవిశేషమనీ, వంట పేరు కనిపిస్తే భక్ష్యవిశేషమనీ వ్రాసి చేతులు దులుపుకునే పద్ధతి ఆయనకు సహించలేదు. ఆ పని తెలిసిన జనం దగ్గరికి వెళ్లి అడిగితే తేలే అర్థాలు అవి. పాలమూరు బిడ్డ గనుక ఆయనకు ఆ సంగతి తెలుసు. ఆయన గ్రంథం 1949లో వచ్చింది. ఆ విసుగుకు కారణం నేటికీ పూర్తిగా తొలగలేదు.

తరువాత జరిగిన మంచి పనిని తక్కువ చేయడం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను ఊరూరా తిరిగి సేకరించే పద్ధతికి బాట వేసింది. రవ్వా శ్రీహరి నల్లగొండ జిల్లా ప్రజల భాషను గ్రంథస్థం చేశారు. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం కూర్చారు. ఇవి లేకపోతే ఈ చర్చే లేదు. అయితే ఈ గ్రంథాలను పరిశోధకులు వాడుకునే తీరు వేరు. పదకోశంలో ఉన్న పదానికి 'తెలంగాణ మాండలికం' అని ముద్ర వేసి, ఎదుట 'ప్రామాణిక రూపం' ఇచ్చి, పట్టిక పూర్తయిందనుకుంటున్నారు. పిండు = పితుకు అని వ్రాసిన పట్టిక అబద్ధం చెబుతున్నది. ఆ రెండూ రెండు పట్లను చెప్పగలవు. లావు చన్నులున్న బర్రెకు పిడికిలి నిండా పట్టి అదిమితే పిండుట. చివరి ధారలకు, చిన్న చన్నులకు వేళ్లతో జార్చితే పితుకుట. ఈ భేదం నేడు ఏ ఇంట ఎంత మేరకు పాటిస్తారో పొలం మీద తేలవలసిన విషయం. సమానార్థక చిహ్నం పెట్టినప్పుడు మాత్రం ఆ ప్రశ్న అడిగే దారే మూసుకుపోతుంది.

వాక్యనిర్మాణంలోనూ తేడా ఉంది. సంస్కృత ద్వికర్మకాన్ని అనుసరించి 'ఆవును పాలు పితికెను' అని వ్రాసే అలవాటు అనువాద ప్రభావం. వాడుకలో 'ఆవును పితికాడు' లేదా 'పాలు పితికాడు', రెండూ చెప్పాలంటే 'ఆవు పాలు పితికాడు'. బర్రె పాలు పిండిండు అన్నా అంతే. ఆవు ఇక్కడ కర్మ కాదు, పాలకు విశేషణం. సంస్కృతం రెండు కర్మలుగా చూసినదాన్ని తెలుగు సంబంధంగా చూస్తుంది. వేమన గొడ్డుటావును పితకడానికి కుండ పట్టుకుపోయినవాణ్ణి వెక్కిరించిన పద్యంలో ఈ క్రియ 'బితుక' అని ఉంటుంది. ద్రుతం మీద పరుషం సరళమైన రూపమది. నిఘంటువులో బకారం కింద వెతికి దొరకలేదని నిట్టూర్చే విద్యార్థులు ప్రతి సంవత్సరం తటస్థపడుతూనే ఉంటారు. సంధి నేర్పని చదువుకు వ్యుత్పత్తి ఎందుకో!

'కటువు' అనే ఆక్షేపణకు ఇంకొక సమాధానం కూడా ఉంది. ముక్కు పిండి వసూలు చేయుట అనే జాతీయం శిస్తులు, పుల్లరులు కట్టిన జనం నోట పుట్టినట్లుంటుంది. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి వ్యవస్థ కింద వృత్తికులాలు దేశ్‌ముఖులకు తమ సరుకును ఉచితంగా ఇచ్చుకోవలసి వచ్చేది. గొల్ల కురుమలు మందనుంచి జీవాలను ఇచ్చుకునేవారు. 1946 జూలై 4న కడవెండిలో తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబంలోనివాడు. ఆ ఊరు అప్పటి నల్లగొండ జిల్లాలోనిది. కాటమరాజు కథలో గొల్లలకూ నల్లసిద్ధికీ యుద్ధం వచ్చింది పుల్లరి దగ్గరే. పిండు అనే క్రియ ఈ సమాజాల్లో పొదుగు మీద, మనిషి మీద ఒకేసారి పనిచేసింది. ఆ రెండర్థాల బరువును మోటుదనమని కొట్టివేస్తే, పోయేది ఒక పదం కాదు, ఆ పదం మోసిన అనుభవం.

ఇప్పుడు పాలమూరు. 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయిన ఊరికి పాలమూరన్నది అంతకుముందునుంచీ ఉన్న పేరు. పాలు సమృద్ధిగా ఉండేవి గనుక ఆ పేరని ఒక వాదం, పాలచెట్లు విరివిగా ఉండేవి గనుక అని మరొక వాదం. కరువు, వలస అనే రెండు మాటలతో లోకానికి పరిచయమైన జిల్లాకు, కట్టని ప్రాజెక్టు లేదనిపించుకున్న పాలమూరు కూలీల జిల్లాకు, 'పాలు పారిన నేల' అనే గతం ఎంత ఊరటగా ఉంటుందో ఊహించవచ్చు. ఊరట శాస్త్రం కాదు.

మొదట సంధి అడ్డు వస్తుంది. పాలు + ఊరు అయితే పాలూరు కావాలి. పాల + ఊరు అయితే పాలూరో, పాలయూరో, పాలవూరో కావాలి. పాలమూరులోని మకారం ఎక్కడిది? పాలవాదులు దీనికి జవాబు చెప్పలేదు. ప్రశ్న ఉందని కూడా గుర్తించలేదు. ఒక ఊరి పేరును ఒంటరిగా కాక వరుసలో పెట్టి చూడాలన్నది స్థలనామ అధ్యయనంలో మొదటి పాఠం. గోదావరి ప్రాంతంలో ఆలమూరు, నెల్లూరు వైపు చిట్టమూరు, చిత్తూరు వైపు పెనుమూరు ఉన్నాయి. ఆలమూరును ఆవుల ఊరనీ, పాలమూరును పాల ఊరనీ చెప్పి జత కలపడానికి ఉత్సాహపడేవారు చిట్టమూరు దగ్గర ఏమంటారు? ఈ వరుసకంతటికీ కుదిరే విభాగం రెండే విధాలు. పూర్వపదం ముకారాంతం కావాలి, అంటే పాలము + ఊరు. లేదా 'మూరు' అనే ఉత్తరపదం వేరుగా ఉండాలి. మొదటిది తీసుకుంటే రామప్ప గుడి ఉన్న పాలంపేటలోని 'పాలం' పక్కన పెట్టి పరిశీలించవలసి ఉంటుంది. రెండవది తీసుకుంటే పూర్వపదం 'పాల' అవుతుంది. అప్పుడు చెట్టు వాదం తిరిగి లేస్తుంది. గాటు పెడితే తెల్లని పాలు కారే చెట్లకు ఆ పేరు వచ్చింది గనుక పాలు మళ్లీ వచ్చినట్లే. అయితే ఆ పాలు పిండడానికి బర్రె అక్కరలేదు, కత్తి చాలు.

మూడవ అవకాశాన్ని ఎవరూ తలవకపోవడం విచిత్రం. తెలుగులో పాలు అంటే వాటా కూడా. తమిళంలోనూ 'పాల్' శబ్దానికి క్షీరం, భాగం అనే రెండర్థాలు ఉన్నాయి. తెలంగాణలో దాయాదులను పాలోళ్లు అంటారు. పంటలో పాలుకు భూమి ఇస్తారు. పాలికాపు, పాలేరు అనే మాటల్లో ఉన్నది ఈ పాలే. భూమి వాటాల పేరు ఊరికి రావడం పశుసంపద పేరు రావడం కంటే అసంభవం ఏమీ కాదు. పాలమూరు అలా వచ్చిందని ఇక్కడి ప్రతిపాదన కాదు. పాత శాసనరూపం, పరిసర గ్రామనామాలు, మకారానికి వివరణ చూపేవరకు క్షీరవాదానికి ఈ వాదంకంటే ఎక్కువ హక్కు లేదన్నదే వాదన. పట్టాకోసం సమర్పించే సిద్ధాంతగ్రంథంలో జిల్లా నామచర్చకు ఒక్క పేరా కేటాయించి, ముందు వచ్చిన గ్రంథంలోని పేరానే మళ్లీ వ్రాయడం కంటే ఆ పేరా లేకపోవడం మేలు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్లుంది వరస.

సేకరించవలసినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది చేపు. దూడను విడిచి నాలుగు గుక్కలు కుడువనిచ్చాక పొదుగులోకి పాలు దిగుతాయి. అప్పుడు ఆవు చేపింది అంటారు. తెలంగాణ పల్లెల్లో సేపింది. కర్త ఆవే. మనిషి ఎంత పిండినా ఆవు చేపకపోతే పాలు రావు. పాణిని స్ను ధాతువుకు విధి చేసినది ఈ స్థితికే. లాటిన్ ముల్గేరే చేతిని మాత్రమే చూసింది. సంస్కృత దుహ్ ఫలితాన్ని చూసింది. తెలుగు పాడి ఇల్లు పిండు, చేపు అనే జంటతో చేతిని, పశువు మనసును రెండింటినీ చూసింది. ఇంత సూక్ష్మమైన క్రియకు 'పాలు స్రవించు' అని ఒక్క ముక్కలో అర్థం చెప్పి వదిలితే అది స్వయంగా జరిగే పని అని గాని, దూడతో ముడిపడినదని గాని, తల్లి విషయంలోనూ వాడతారని గాని తెలియదు. చేపు చుట్టూ కుడుచు, వట్టిపోవు, చూడి, ఈనిక, ముర్రుపాలు, గుమ్మపాలు ఉన్నాయి. గుమ్మపాలంటే పితికిన వెంటనే పొదుగు వేడితో ఉన్న పాలు. ఆ వేడిని ఒక్క మాటలో చెప్పగల భాష ఆ మాటను పాదసూచికలో పెట్టుకుని మురిసిపోతున్నది.

కాలం ఆగలేదు. సంకర జాతి ఆవులకు దూడను విడవకుండానే పాలు తీయడం నేర్పారు. నల్లగొండ, రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం పేరే నార్ముల్ అనే సంక్షిప్తరూపంలో వినబడుతుంది. శీతలీకరణ కేంద్రంలో లెక్క వెన్నశాతానిది, లీటర్లది. పితికిన చేతిది కాదు. చేపని పశువుకు ఆక్సిటోసిన్ సూది పొడిచే దురలవాటు ఎంత వ్యాపించిందంటే ప్రభుత్వం దాని తయారీ, అమ్మకాలపై ఆంక్షలకు పూనుకోవలసి వచ్చింది. ఆవు కర్తగా ఉండిన అకర్మకక్రియకు మనిషి కర్తగా వచ్చి 'చేపించు' అనే ప్రేరణరూపం ఈ పనిలోకి దిగింది. మునుపు ప్రేరణకర్త దూడ. ఇప్పుడు సూది. ఒక్క ప్రత్యయంలో పాడి చరిత్ర యాభై ఏళ్లది ఇమిడి ఉంది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతాల్లో దూడను విడిచి పిండిన తరం ఇంకా ఉంది. లంబాడా తండాల్లో ఆ పనికి వేరే భాషలో వేరే క్రియలున్నాయి. వారిని అడగవలసిన ప్రశ్నలు సాదావి: చేపక ముందు పొదుగును ఏం చేస్తారు, ఆ చేసే పనికి పేరేమిటి, ఏ వేళ్లతో పడతారు, ఆఖరి ధారను ఏమంటారు, దూడ చచ్చిన బర్రెను ఎలా చేపిస్తారు, తన్నే పశువును ఏ మాటతో ఊరడిస్తారు. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగైదు ఇళ్ల జవాబులు, ఇంటివారు ఏ వృత్తివారో, పలికినది ఆడమనిషో మగమనిషో, పలికినట్లే వ్రాసిన వాక్యంతో సహా నమోదు కావాలి. పిండు అనే ఆరోపానికి ఎదుట పితుకు అని వ్రాసే ముందు కనీసం ఆ వాక్యాలు చేతిలో ఉండాలి.